తిమ్గాడ్‌కు ఒక సంజాయిషీ

పోయిన శనివారం మధ్యాహ్నం టీవీలో అల్జీరియా చూపించారు. భోజనాలయ్యాయి. మా ఆవిడ బట్టలు మడతపెడుతోంది, నేను మడతపెడుతున్నట్టు కూర్చున్నాను. ఎర్రటి నేల, దూరంగా కొండలు, మధ్యలో వరసగా రాతి స్తంభాలు. వెనక నుంచి ఒక గంభీరమైన గొంతు, ఈ తిమ్గాడ్ నగరాన్ని పంతొమ్మిది వందల ఏళ్ళ క్రితం రోమన్ చక్రవర్తి కట్టించాడని ఇంగ్లీషులో చెప్పింది.

మా అమ్మాయి ఫోన్లోంచి తలెత్తకుండా, తన సింగపూర్ ఇంగ్లీషులో, "ఎంపరర్ వేర్ గాట్ బిల్డ్? ఒక్క రాయి కూడా మోయలేదు లా," అంది.

దానికి పదమూడేళ్ళు. చక్రవర్తుల మీద దానికి ఆ అభిప్రాయం స్కూల్లో రాలేదు. మా బాత్రూంలో టైల్స్ వేసిన మేస్త్రి దగ్గర వచ్చింది. ఆయన పోయి ఆరు నెలలు దాటింది. ముగ్గురం ఆ వీధుల్ని చూశాం. తర్వాత మా ఆవిడ, "ఆయన చెప్పినట్టు ఒక్కటీ చెప్పట్లేదు వీడు," అని చానల్ మార్చేసింది.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాస్తే ఒప్పుకునే మనిషి కాదు. "కట్టినోడి పేరుతో గోడకేటి పని బావు? నిలబడిందా నేదా, అంతే," అనేవాడు. బావు అనేది నన్నే. శ్రీకాకుళం వైపు పెద్దమనిషి కనిపిస్తే అలా పిలుస్తారు. నాకంటే పదేళ్ళు పెద్దాయన నన్నలా పిలుస్తుంటే మొదట్లో ఇబ్బందిగా ఉండేది. తర్వాత అలవాటైపోయి, పిలవకపోతే ఇబ్బందిగా ఉండేది.

సింగపూర్ జురాంగ్ వెస్ట్‌లో మా బ్లాకు కట్టి ముప్పై ఏళ్ళు దాటింది. ప్రభుత్వం వారు అన్ని ఫ్లాట్లకీ బాత్రూంలు కొత్తగా చేసిపెడతామని లిఫ్టు దగ్గర కాగితం అంటించారు. మా వంతు వచ్చినప్పుడు నేను ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటూ ఆ దుమ్ములో కాపురం చేశాను. మొదటిరోజు ముగ్గురు వచ్చారు. ఇద్దరు సామాన్లు దించుతుంటే మూడో ఆయన దేన్నీ ముట్టుకోకుండా, వేలి కణుపుతో గోడని తట్టి, చెవి ఆనించి విన్నాడు. జానెడు పక్కకి జరిగి మళ్ళీ తట్టాడు, మళ్ళీ విన్నాడు. ఏ డాక్టరూ నన్ను అంతసేపు వినలేదు.

నేను ఫోన్లో మా ఆవిడతో తెలుగులో, "ఇక్కడొకాయన గోడతో కబుర్లాడుతున్నాడు, ఇది ఎన్నాళ్ళకి తెమిలేను," అన్నాను.

ఆయన గోడ మీంచి చెవి తియ్యకుండా, "పది రోజులండి బావు," అన్నాడు.

సరిగ్గా పది రోజులే పట్టింది.

ఈ తట్టడం ఒక జబ్బు ఆయనకి. పని అయిపోయాక కూడా ఆదివారాలు కలిసేవాళ్ళం. బూన్ లే మెట్రో స్టేషన్ స్తంభాలు తట్టేవాడు. తిండి కొట్లుండే హాకర్ సెంటర్‌లో నేను టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి చోటు ఆపి వచ్చేసరికి ఆయన వెనక గోడ దగ్గర ఉండేవాడు. తీర్పులు కూడా చెప్పేవాడు. "గట్టిదే గాని మనసు పెట్టి కట్టలేదు." "ఇది సోమారం నాడు కట్టిన గోడ." సోమవారమని ఎలా తెలిసిందంటే, ఆదివారం తాగినవాడి చేయి సోమవారం గోడలో కనిపిస్తుందని వివరించాడు. నాకు గోడ కనిపించింది తప్ప సోమవారం కనిపించలేదు.

మూడోరోజు మా ఆవిడ టీ ఇస్తే, రెండో గ్లాసు అడిగి తీసుకుని, ఒకదాంట్లోంచి ఒకదాంట్లోకి మూరెడు ఎత్తునుంచి పోశాడు. కొత్తగా వేసిన టైల్స్ మీద నాలుగు చుక్కలు పడితే తలపాగా తీసి తుడిచి, మళ్ళీ పోశాడు. నురగ వచ్చాక తాగాడు. మన చాయ్ బండి వాళ్ళు తిరగపోసేది ఇది కాదట. ఇది అల్జీరియా పద్ధతి. అక్కడ టీలో పాలుండవు, పుదీనా ఆకు ఉంటుంది, నురగ లేకపోతే వచ్చిన చుట్టాన్ని లెక్కచెయ్యనట్టు. మూడేళ్ళు ఉన్నాడట అక్కడ, ఒక రోడ్డు కంపెనీలో.

"అయితే పిరమిడ్లు చూశారన్నమాట," అంది మా ఆవిడ.

"అక్కడ పిరమిడ్లు నేవమ్మా. అది ఈజిప్టు. నడుమ లిబియా అడ్డం."

"పోనీ, ఎడారి?"

ఆయన ఒక క్షణం ఆగాడు. జవాబుకి ముందు ఎప్పుడూ ఆగేవాడు. "నాను సూడలేదమ్మా. లారీ అద్దంలోంచి ఓ పాలి ఎర్రగా కనిపించింది. అది ఎడారో, సంజె వెలుగో నాను సెప్పలేను."

అదీ ఆయన వరస. చూడనిదాని గురించి ఒక్క ముక్క రాబట్టలేం. సింగపూర్‌లో ఉన్న తెలుగువాళ్ళం వెళ్ళని దేశాల గురించి కూడా అనర్గళంగా మాట్లాడతాం. నేనైతే ఐస్‌లాండ్ గురించి అరగంట మాట్లాడగలను. ఆయన మూడేళ్ళు బతికి వచ్చిన దేశం గురించి కూడా కంటితో చూసిన మేరకే చెప్పేవాడు. అక్కడ చలికాలం మంచు పడేదట. ఆఫ్రికాలో మంచు అంటే ఊళ్ళో ఎవరూ నమ్మలేదు. "నమ్మరని తెలిసి నాను ఫోన్లో సెప్పడం మానీసినాను. అబద్ధం సెప్తన్నాననుకుంటారు గదా."

ఆయన చూసిన అల్జీరియా చాలా చిన్నది. కొండల మధ్య ఒక మైదానం, దాంట్లో వీళ్ళ క్యాంపు, దానికి రెండు కిలోమీటర్ల దూరంలో తిమ్గాడ్ అనే పాడుబడిన రోమన్ల ఊరు. శుక్రవారం సెలవు. మిగతావాళ్ళు పడుకునేవాళ్ళు, ఈయన ఆ ఊరికి నడిచి వెళ్ళేవాడు. అక్కడ వాచ్‌మేన్ ఒక ముసలాయన. ఈయనకి అరబ్బీ రాదు, ఆయనకి తెలుగు రాదు. ఈయన గోడ తట్టి చూడటం ముసలాయన గమనించి, దగ్గరకొచ్చి, ఇంకో గోడ దగ్గరికి తీసుకెళ్ళి తట్టమన్నాడట. అలా మొదలైంది స్నేహం. మూడేళ్ళూ శుక్రవారాలన్నీ ఇద్దరూ గోడలు తట్టుకుంటూ గడిపారు. మధ్యాహ్నం ముసలాయన ఇంటి నుంచి కుస్‌కుస్ వచ్చేది. "గోధుమరవ్వ ఆవిరి మీద ఉడకబెట్టి, పైన కూర ఒంపుతారు బావు. శుక్రారం ఊరూరంతా అదే. ఒకే పళ్ళెంలో అందరూ. నా పక్కకి మెత్తటి ముక్క తోసేవోడు."

ఇదంతా విని నాకొక బుద్ధి పుట్టింది. మా బ్లాకులో, పక్క బ్లాకుల్లో తెలుగు పిల్లలు పదిహేను మంది దాకా ఉన్నారు. ఒక ఆదివారం సాయంత్రం మేస్త్రి చేత అల్జీరియా చరిత్ర, సంస్కృతి, చూడదగ్గ ప్రదేశాల మీద మాట్లాడిద్దామని ప్రకటించాను. ముప్పై స్లైడ్లు తయారుచేశాను. బెర్బర్లు, రోమన్లు, తురుష్కులు, ఫ్రెంచివాళ్ళు, అందరికీ తలా నాలుగు స్లైడ్లు. బ్లాకు కింద ఖాళీ జాగాలో తెర కట్టాను.

ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి, తెరకి వీపు పెట్టి నిలబడ్డాడు. అక్కడ ముసలివాళ్ళు చదరంగం ఆడుకునే రాతిబల్ల ఉంటుంది, పైన గళ్ళు చెక్కి. ఆ గళ్ళ మీద చెయ్యి పెట్టి, "ఇదే తిమ్గాడ్," అన్నాడు.

పిల్లలు స్లైడ్లు వదిలేసి బల్ల చుట్టూ చేరారు. రిటైరైన రోమన్ సిపాయిలకి ఇచ్చిన కాలనీ అది. ప్రతి గడీ ఒక ఇళ్ళ బ్లాకు, గళ్ళ మధ్య గీతలు వీధులు. మన జురాంగ్ వెస్ట్ లాగే కాగితం మీద గీసి కట్టిన ఊరు. ఒక సీసామూత పెట్టి ఇది నాటకాలాడే చోటు అన్నాడు. ఇంకోటి పెట్టి ఇది పుస్తకాలు దాచుకునే ఇల్లు అన్నాడు. మరోటి పెట్టి ఇది దొడ్డి అనగానే పిల్లలు పడీపడీ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ దొడ్లో చేతులాన్చుకోవడానికి రాతి డాల్ఫిన్లు చెక్కి ఉన్నాయని, చెక్కినవాడు గొప్ప పనివాడని, అలాంటి చోట కూడా పని తగ్గించి చెయ్యలేదని చెప్పాడు. తర్వాత బల్ల అంచు దాటి వేలు గాలిలో వంకరగా తిప్పాడు. "జనం పెరిగినారు. గళ్ళు సాలలేదు. బయట కట్టినోళ్ళు ఎవుడికి తోసినట్టు వోడు కట్టీసినాడు. అక్కడ వీధులు పాములాగ ఉంటాయి."

ఎవరో పిల్లవాడు రాజు పేరు అడిగాడు.

"రాజుతో నాకేటి పని? రాయి ఎవుడు మోసినాడు, అది సెప్పు."

మోసినవాళ్ళ పేర్లు ఎవరికీ తెలియవని నేను వెనకనుంచి అన్నాను. పేర్లు తెలియకపోయినా మనుషులు తెలుసన్నాడు. నాటకాల మెట్ల దగ్గర పనిచేసినవాడు ఎడమచేతివాటం. స్నానాల గది తూర్పు గోడ కట్టినవాడు బద్ధకస్తుడు, లోపల రాళ్ళ ముక్కలు పోసి పైన నున్నగా పూసేశాడు. "దొరకననుకున్నాడు," అన్నాడు. పంతొమ్మిది వందల ఏళ్ళ తర్వాత శ్రీకాకుళం మేస్త్రికి దొరికిపోయాడు.

ఆ ఊరి నడిమధ్య బండ మీద ఒక మాట చెక్కి ఉందట. నేను స్లైడులో పెట్టాను గాని చూపించే అవకాశం రాలేదు కాబట్టి నోటితో చెప్పాను. వేటాడటం, స్నానం చెయ్యడం, ఆడుకోవడం, నవ్వుకోవడం, ఇదే బతకడమంటే అని. ఆయన మొదటిసారి దాని అర్థం విన్నాడు. ప్రతి శుక్రవారం దాని మీంచే నడిచాడట. "పని మాట నేదేటి బావు అందులో?" అన్నాడు. లేదన్నాను. తలూపి, "సిపాయిలు రాయించుకున్నారు గావాల. సెక్కినోడు నవ్వుకునుంటాడు," అన్నాడు.

అంతవరకూ అంతా బాగానే ఉంది. తర్వాతి నెలలో నేనే ఆయన్ని మా అమ్మాయితో పాటు ఊళ్ళో ఒక మ్యూజియంకి తీసుకెళ్ళాను. నా తప్పే. అక్కడ అద్దాల బీరువాలో సింగపూర్‌లోనే ఒక కొండ మీద తవ్వకాల్లో దొరికిన పెంకులు, రాగి నాణేలు పెట్టారు. ఆయన మామూలుగా గోడ తట్టి కాపలా అమ్మాయి చేత చివాట్లు తిని, నాణేల దగ్గరికొచ్చి, చీటీ మీద ఏం రాశారని అడిగాడు. చదివి చెప్పాను. మట్టిపొర వయసు దాంట్లో దొరికిన నాణెంతో కడతారు. గోడ కింద నాణెం దొరికితే, ఆ నాణెం తర్వాతే గోడ లేచిందని లెక్క.

ఆయన ఆగాడు. ఈసారి చాలాసేపు ఆగాడు. మా అమ్మాయి వెళ్ళి రెండు గదులు చూసి వచ్చింది.

"అయితే నాను పెద్ద తప్పు సేసీసినాను బావు," అన్నాడు.

బెంచీ మీద కూర్చోబెడితే చెప్పాడు. ఆ ముసలి వాచ్‌మేన్ చలిలో, ఎండలో రేకు కింద కూర్చునేవాడు. క్యాంపు ఎత్తేసే ముందు కంపెనీవాళ్ళు, మిగిలిన సిమెంటుతో ఆయనకో గది కట్టిపెట్టమన్నారు. ఊరి కంచె బయట, బళ్ళు ఆపే చోట. ఈయనే మేస్త్రి. పునాది తీశాక మన పద్ధతి ప్రకారం ఈశాన్యం మూల పసుపు, కుంకుమ, నవధాన్యాలు వెయ్యాలి, ఒక నాణెం వెయ్యాలి. పసుపు ఉంది, ధాన్యాలు వంటమనిషి ఇచ్చాడు. నాణెం దగ్గర వచ్చింది చిక్కు. మన ఇప్పటి బిళ్ళలన్నీ స్టీలు. పునాదిలో ఇనుము జాతి వెయ్యకూడదు, రాగి పడాలి. వాళ్ళ దేశం నాణెం వేద్దామంటే మన పూజకి అది చెల్లుతుందో చెల్లదో. చివరికి మొలతాడుకి ఉన్న రాగి డబ్బు తెంపి వేశాడు. వాళ్ళ నాయనమ్మ కట్టింది. కుంపిణీ కాలం నాటిది, ఒక పక్క తెలుగు అక్షరాలుంటాయి. ముసలాయన కూడా ఏదో చదివి గుప్పెడు ఉప్పు వేశాడట.

"అక్కడి బిళ్ళ ఏసుంటే ఏ గొడవా నేకపోను," అన్నాడు. "రేపు ఎవులో తవ్వుతారు. రోమనోళ్ళ ఊరి పక్కన, గోడ కింద, తెలుగు డబ్బు. ఏటి రాస్తారు?"

నేను నవ్వాను. సిమెంటు చూస్తే తెలిసిపోతుందన్నాను.

"సిమెంటు పోతాది బావు. రాగి ఉంటాది."

"అది ఎప్పటి మాట? ఇంకో రెండు వేల ఏళ్ళకి. మనకెందుకు?"

"ఆ బద్ధకపోడు కూడా అలగే అనుకున్నాడు," అన్నాడు.

ఆరోజు నుంచి ఆయన మనిషి మారిపోయాడు. ఆదివారాలు వచ్చేవాడు, టీ ఎత్తునుంచి పోసేవాడు, నురగ రాకపోయినా తాగేసేవాడు. తిమ్గాడ్ ఊసెత్తితే, "అబద్ధం పెట్టొచ్చినాను, నానేటి సెప్పను," అనేవాడు. మీకు నవ్వులాటగా ఉండొచ్చు. నాకూ ఉండేది. ఆయనకి మాత్రం నిద్ర పట్టేది కాదు. ఆయన ఎరిగిన చరిత్ర మొత్తం గోడల్లోంచి చదువుకున్నది, తానే ఒక గోడలో తప్పు రాసి వచ్చానని ఆ మనిషికి దిగులు.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో సెలవుల చర్చ వచ్చింది. మా ఆవిడ స్విట్జర్లాండ్ అంది. మా అమ్మాయి తిమ్గాడ్ అంది. నేను ఎప్పట్లాగే తటస్థంగా ఉండి ఓడిపోయాను. డిసెంబరుకి అల్జీరియా ఖాయమైంది. ఈ వార్త చెప్పగానే మేస్త్రి లేచి నిలబడి, "ఒక ఉత్తరం రాసిపెట్టండి బావు. అక్కడోళ్ళకి ఇచ్చీండి. అంతే నాక్కావాల," అన్నాడు.

ఆయన చెప్పాడు, నేను రాశాను.

"తిమ్గాడ్ ఊరి పెద్దలకి. నాను ఇండియా మేస్త్రిని. మీ ఊరి బయట బళ్ళు ఆపే జాగాలో వాచ్‌మేన్ గది కట్టినది నానే. గది మంచిదే. దాని ఈశాన్యం మూలకి రెండు జానల లోపల, మూరన్నర లోతున ఒక రాగి డబ్బు ఉన్నాది. అది రోమనోళ్ళది కాదు. మా నాయనమ్మది. మీరు గాని మీ మనవలు గాని తవ్వితే, తెలుగోళ్ళు ఆ రోజుల్లోనే ఇక్కడికి వొచ్చినారని రాయొద్దు. మేం వొచ్చినది మొన్న మొన్ననే. కూలికి వొచ్చినాం. ఉప్పు మీ వాచ్‌మేన్ ఏసినాడు, దాంట్లో తప్పు నేదు."

మూరన్నర అంటే వాళ్ళకి తెలియదు, మీటర్లలో చెప్పండి అన్నాను. మూర మనిషి మనిషికీ మారుతుంది గనక మీటర్లలో రాస్తే లెక్క తప్పుతుందని ఒప్పుకోలేదు. న్యూస్‌పేపరు పరిచి, మోచేయి నుంచి వేలి కొస దాకా చెయ్యి ఆనించి, చుట్టూ గీత గియ్యమన్నాడు. గీశాను. ఆ చేతి బొమ్మ మడిచి ఉత్తరంతో పాటు కవర్లో పెట్టాం. ఫ్రెంచి అనువాదం కంప్యూటరు చేత చేయించి, పాయా లేబర్‌లో మా ఆఫీసులో ఉన్న ఒక ఫ్రెంచి కుర్రాడికి చూపించాను. అతను రెండుసార్లు చదివి, ఇదేమైనా కోర్టు కేసా అని అడిగాడు.

అల్జీరియా బాగుంది. అల్జీర్స్‌లో తెల్లటి మేడలు సముద్రం దాకా మెట్లు మెట్లుగా దిగుతాయి. కాన్‌స్టాంటీన్ అనే ఊళ్ళో లోయ మీద ఎత్తైన వంతెనలుంటాయి, వాటి మీద మా ఆవిడ కళ్ళు మూసుకుని నా చొక్కా పట్టుకుని నడిచింది. కుస్‌కుస్ పెట్టిన ప్రతి ఇంట్లోనూ మెత్తటి ముక్క మా పక్కకే తోశారు. తిమ్గాడ్‌లో చలికి చెవులు నొప్పెట్టాయి. డాల్ఫిన్లు ఉన్నాయి. గళ్ళు ఉన్నాయి, గళ్ళు దాటాక వీధులు వంకర తిరిగాయి. మా అమ్మాయి నాటకాల మెట్ల దగ్గర రాళ్ళు చూసి, "లెఫ్ట్ హ్యాండర్, సీ," అంది. బళ్ళు ఆపే చోట ఆ గది కూడా ఉంది, చిన్నది, తిన్నగా ఉంది. ముసలాయన లేడు. వేరే ఎవరో ఉన్నారు.

కవరు పట్టుకుని టికెట్ కిటికీ దగ్గరికి వెళ్ళాను. లోపలున్న ఆవిడ నవ్వి, ఏం కావాలన్నట్టు చూసింది. నా వెనక ఇద్దరు తెల్లగడ్డాల వాళ్ళు నిలబడి ఉన్నారు, చేతుల్లో లావు పుస్తకాలు, చూస్తే ప్రొఫెసర్లలా ఉన్నారు. నా చేతిలో కవరు, దాంట్లో న్యూస్‌పేపరు మీద గీసిన చెయ్యి. నేను బ్యాంకులో పెద్ద హోదాలో ఉన్నవాణ్ణి. మా ఇంటి బాత్రూం మేస్త్రి వాళ్ళ నాయనమ్మ డబ్బు సంగతి వీళ్ళ ముందు విప్పి చెప్పాలంటే నోరు రాలేదు. నాలుగు పోస్టుకార్డులు కొనుక్కుని వచ్చేశాను.

కార్లో మా ఆవిడ, "ఇచ్చారా?" అంది.

"ఇచ్చాను," అన్నాను. ఎందుకన్నానో తెలియదు. అన్నాక ఇంక అదే మాట మీద ఉండాల్సి వచ్చింది. బయల్దేరే ముందు కారు దిగి, మా అమ్మాయి చేత ఆ గది మూల నిలబడి ఒక ఫొటో తీయించుకున్నాను.

మేం తిరిగొచ్చాక మొదటి ఆదివారం మేస్త్రి మళ్ళీ ఇస్త్రీ చొక్కాలో వచ్చాడు. కూర్చోకుండానే, "ఏటన్నారు?" అన్నాడు.

"చదువుకున్నారు. రిజిస్టర్లో ఎక్కించుకున్నారు." ఇంకా నమ్మకం కలగాలని, "స్టాంపు కూడా వేశారు," అన్నాను.

"మూల సూపించినారా?"

"దగ్గరుండి చూపించాను. ఇదిగో, ఆఫీసరుకి ఇక్కడ నిలబడే చూపించాను." ఫొటో ఇచ్చాను.

ఆయన ఫోన్ రెండు చేతులతో పట్టుకుని, బొమ్మ పెద్దది చేసుకుని, చాలాసేపు చూశాడు. "గది బాగున్నాది," అన్నాడు. "సెమ్మ పట్టలేదు." తర్వాత కుడిచెయ్యి గుండె మీద పెట్టుకుని తల వంచాడు. అల్జీరియాలో అందరూ అలాగే చేస్తారు. మా ఆవిడ టీ తెచ్చింది. ఆరోజు నురగ బాగా వచ్చింది.

అప్పటి నుంచి మేస్త్రి లాంటి పనివాళ్ళుండే డార్మిటరీలో తెలుగువాళ్ళకి నేను అల్జీరియా సారునయ్యాను. ఎక్కడ కనిపించినా నమస్కారం పెట్టేవాళ్ళు. మొదట్లో ఇబ్బందిగా ఉన్నా, చెప్పాను కదా, నాకు తొందరగా అలవాటవుతుంది. ఏడాది తిరిగాక మేస్త్రి ఊరెళ్ళిపోయాడు. కిడ్నీలు పాడయ్యాయన్నారు. వాళ్ళ వైపు ఊళ్ళల్లో ఇంటికొకరికి ఆ జబ్బు. వెళ్ళేముందు ఫోన్ చేసి, పాపని బాగా చదివించండి, గోడలకి మేకులు కొట్టకండి అని చెప్పాడు.

ఆయన పోయిన నెలకి, బూన్ లే బస్‌స్టాండ్‌లో ఒకతను నన్ను ఆపి ఆ కబురు చెప్పాడు. మేస్త్రితో ఒకే గదిలో నాలుగేళ్ళున్నాడట, షిప్‌యార్డులో వెల్డరు. ఏదో ఒకటి అనాలి గనక, "పోనీలెండి, ఆ ఉత్తరం దిగులైనా ఆయన ఉండగానే తీరింది," అన్నాను.

అతను నేల చూశాడు.

"సార్, ఇప్పుడాయన పోయినాడు గాబట్టి సెప్తన్నాను. మీరు ఇవ్వలేదని ఆయనకి తెలుసు."

ఎలా తెలుసని అడిగాను.

"ఫొటోలో మీరు నిలబడింది నైరుతి మూలంట. కట్టినోడికి తెల్దా సార్? ఆ రాత్రే నాతో అన్నాడు. 'ఉత్తరం ఇచ్చినోడు ఆ మూలకి ఎల్లడు రా. సారుకి వీలు పడలేదు, సెప్పడానికి మొగమాటపడ్డాడు. ఇది మన గది దాటకూడదు, సారు తల వొంచుకోవాల్సొస్తాది,' అన్నాడు."

"మరి మీ వాళ్ళందరికీ నేను ఇచ్చానని ఎవరు చెప్పారు?"

"ఆయనే. కొత్తగా వొచ్చినోళ్ళకి కూడా సెప్పేవోడు. దగ్గరుండి రాయించొచ్చినాడు మా సారు అని."

కళ్ళతో చూడనిది ఎడారి గురించైనా చెప్పని మనిషి. నా పరువు కోసం ఏడాది పాటు అబద్ధమాడాడు. నాకు అక్కడే, బస్సుల మధ్య, ఏడుపొచ్చింది. సిగ్గు అనుకున్నాను మొదట. సిగ్గొక్కటే కాదు.

"ఊరెళ్ళినాక కూడా ఫోన్లో అడిగేవోడు సార్," అన్నాడు అతను. "అటేపు ఎవులైనా ఎల్తన్నారేటి రా, అని. ఎవులెల్తారు సార్ అటు?" అతని బస్సు వచ్చింది. ఎక్కుతూ నాకు నమస్కారం పెట్టాడు.

ఇంటికెళ్ళి మా ఆవిడకి చెప్పాను. ఆవిడ, "ఉత్తరం ఉందా, పారేశారా?" అని మాత్రం అడిగింది. సూట్‌కేసు జేబులో ఉంది. కవరు విప్పి ఉత్తరం మళ్ళీ చదివాను. ఆయన మాటల్లో మార్చాల్సింది ఏమీ లేదు. కింద చోటు ఉంటే నా చేత్తో కొంత రాసి, అదీ ఫ్రెంచిలోకి మార్పించి, మర్నాడు పోస్టాఫీసులో రిజిస్టరు చేసి పంపాను. ఇప్పటిదాకా జవాబు రాలేదు.

నేను రాసింది ఇది.

"ఈ ఉత్తరం రాయించిన మేస్త్రి చనిపోయాడు. ఆయన దీన్ని సకాలంలోనే రాయించాడు. ఆ డిసెంబరులో నేను దీన్ని మీ ఊరికి తెచ్చాను. మీ టికెట్ కిటికీ ముందు నిలబడి, సిగ్గుపడి, ఇవ్వకుండా వెనక్కి తీసుకుపోయాను. ఇచ్చానని ఆయనతో అబద్ధం చెప్పాను. మీ రికార్డుల్లో ఆలస్యానికి కారణం రాసుకోవలసి వస్తే, ఆయన పేరు రాయొద్దు. నా పేరు రాయండి."

కింద నా పూర్తి పేరు, బ్లాకు నంబరు, ఫ్లాటు నంబరు రాశాను.